కడియం నుంచి అత్తయ్య గారు మామయ్య గారు వస్తున్నారు, స్కాజిట్ ట్యులిప్స్ + గార్డెనింగ్ క్లాసులు, సియాటెల్ వాళ్ళు కాస్త చెప్పండి

బోతెల్_కోడలు

అందరికీ నమస్తే అండి. మా అత్తయ్య గారు మామయ్య గారు మార్చి ఆఖర్లో వస్తున్నారు, ఆగస్టు దాకా ఉంటారు. ఇద్దరిదీ కడియం పక్కన ఊరే, చిన్నప్పట్నుంచీ నర్సరీల మధ్యే బతికారు. మామయ్య గారు అంటు కడితే తప్పకుండా పట్టుకుంటుందని మా ఊళ్ళో పేరు, అత్తయ్య గారిది కనకాంబరాలు, చేమంతి, బంతి, నారు పోయడం దగ్గర్నుంచి మార్కెట్‌కి బుట్టలు కట్టే దాకా అన్నీ ఆవిడే చూసుకునేవారు. పోయినసారి వచ్చినప్పుడు నవంబరు, వాన, నాలుగింటికే చీకటి, మేమిద్దరం ఆఫీసు, వాళ్ళు కిటికీ దగ్గర కూర్చుని రోజులు లెక్కపెట్టుకున్నారు, నాకు చాలా బాధేసింది. అందుకే ఈసారి పట్టుబట్టి పూల టైముకి రప్పిస్తున్నాం.

నా డౌట్లు ఏంటంటే, ట్యులిప్ ఫెస్టివల్‌కి ఏ వారం వెళ్తే బావుంటుంది? అందరూ ఫోటోలు పెడతారు గానీ మా మామయ్య గారికి ఫోటోలు అక్కర్లేదు, దుంప ఎప్పుడు పెడతారు, నేల ఎలాంటిది, పువ్వు ఏ దశలో కోస్తారు, కోశాక దుంప ఏం చేస్తారు, ఇవన్నీ అడుగుతారు, నేనేమో ఐటీ దాన్ని, నాకు ఒక్కటీ తెలీదు. రెండోది, ఇక్కడ పబ్లిక్‌కి గార్డెనింగ్ క్లాసులు ఉంటాయంట కదా, ఫ్రీయా డబ్బులా, ఇంగ్లీషు అంతంతమాత్రం వచ్చిన పెద్దవాళ్ళు వెళ్ళి కూర్చోవచ్చా? మూడోది, అత్తయ్య గారు విత్తనాలు, కనకాంబరం మొక్కలు, కరివేపాకు కొమ్మలు తెస్తానంటున్నారు, తేవచ్చా? తెలిసినవాళ్ళు ప్లీజ్ వివరంగా చెప్పండి.

---

ఓరుగల్లు_పిల్లగాడు

అక్కా నేను చెప్తా, మా అమ్మానాయినలను కూడా తీస్కపోయిన. ఫెస్టివల్ అంటే ఒక్క చోట జరిగే జాతర కాదు, సియాటెల్‌కి ఉత్తరం దిక్కు మౌంట్ వెర్నన్, లా కానర్ ఊర్ల చుట్టుపక్కల స్కాజిట్ లోయ మొత్తం. 1984 నుంచి నడుస్తుంది, ఏప్రిల్ 1 నుంచి 30 దాకా అని క్యాలెండర్‌ల రాసి పెడ్తరు, 2020 ఏడాదిల కోవిడ్‌కి ఆగింది. కానీ పువ్వుకు క్యాలెండర్ తెల్వదు గద, ఫిబ్రవరి, మార్చి వెచ్చగుంటే తొందరగ పూస్తది, సల్లగుంటే లేటయితది. ఫెస్టివల్ సైట్‌ల బ్లూమ్ మ్యాప్ ఉంటది, ఏ పొలం పూసింది ఏది పూయలేదు అని, అది చూసుకుంటనే డేట్ ఫిక్స్ చెయ్యుండ్రి. మామూలుగ ఏప్రిల్ రెండో వారం, మూడో వారం అంటే నడుస్తది. ఇంకోటి, పొలాలు ప్రతి సంవత్సరం మారుతయి, పోయినేడు మీ ఫ్రెండ్ పంపిన లొకేషన్ పట్టుకొని పోతే అక్కడ ఆలుగడ్డ ఉండచ్చు.

వీళ్ళు మార్చి ఆఖరుకే దిగుతున్నరు కాబట్టి, జెట్ లాగ్ పోయినంక వెంటనే ఒకసారి పోతే డాఫొడిల్స్ కూడ ఉండే చాన్స్ ఉంది, అవి ట్యులిప్స్ కంటె ముందు మార్చిల పసుపుపచ్చగ పూస్తయి, జనం తక్కువుంటరు. ఫిర్ ఐలాండ్ దిక్కు తెల్ల స్నో గీస్ బాతులు కూడ ఇంక ఎల్లిపోకపోతె వేలల్ల కనిపిస్తయి, ఒక్కసారి లేస్తె ఆకాశం అంత తెల్లగైతది.

వీకెండ్ పోకుండ్రి అక్కా, దండం పెడ్త. ఐ-5 హైవే మీద ఎగ్జిట్ 226 కాడికెల్లి జామ్ మొదలయితది. కాన్‌వే ఎగ్జిట్ 221 దిగి ఫిర్ ఐలాండ్ రోడ్డు మీద కెల్లి పోతే కొంచెం నయం, అదీ వీక్‌డే పొద్దుగాల్నే పోతేనే. టికెట్లు ఆన్‌లైన్‌ల ముందే తీస్కోండ్రి, శనివారం ఆదివారం రేటు ఎక్కువ. రబ్బరు బూట్లు తప్పకుండ, పొలం గట్ల మీద బురద మామూలుగ ఉండదు, పెద్దోళ్ళు జారితె కష్టం.

---

బోతెల్_కోడలు

థాంక్యూ తమ్ముడూ, వీక్‌డే సెలవు పెడతాను. ఫ్యామిలీలో ఎవరూ కారు తోలలేని రోజు వెళ్ళడానికి బస్సో ట్రెయినో ఏమన్నా ఉందా?

---

ఓరుగల్లు_పిల్లగాడు

ఆమ్‌ట్రాక్ కాస్కేడ్స్ ట్రెయిన్ మౌంట్ వెర్నన్‌ల ఆగుతది అక్కా, కానీ అక్కడ దిగినంక పొలాలు దూరం, పెద్దోళ్ళను ఒంటరిగ పంపకుండ్రి. మీరే తీస్కపోండ్రి.

---

స్కాజిట్_మట్టి

మామయ్య గారి ప్రశ్నలకి నేను రాస్తానండి, నేను ఉండేది మౌంట్ వెర్నన్‌లోనే, రోజూ ఆ పొలాల పక్కనుంచే ఆఫీసుకి వెళ్తాను. ముందు ఒక మాట ఆయనకి చెప్పండి, ఆ రంగులు టూరిస్టుల కోసం వేసినవి కావు, అది దుంపల వ్యవసాయం. రూజెన్‌గార్డె అని మీరు వెళ్ళే తోట వెనకాల ఉన్నది వాషింగ్టన్ బల్బ్ కంపెనీ, అమెరికాలో ట్యులిప్ దుంపలు అందరికంటే ఎక్కువ పండించేది వాళ్ళే. రూజెన్ కుటుంబం హాలండ్ నుంచి వచ్చింది, ఆ పెద్దాయన 1947లో ఇక్కడికొచ్చి 1955లో ఆ కంపెనీ కొన్నారు. వాళ్ళకి ఇక్కడి నేల ఎందుకు నచ్చిందంటే స్కాజిట్ నది వేల ఏళ్ళుగా తెచ్చిపోసిన ఒండ్రు, మెత్తగా ఉంటుంది, సముద్రం దగ్గర కాబట్టి చలికాలం మరీ గడ్డకట్టదు, వసంతం చల్లగా నిదానంగా సాగుతుంది, దాంతో పువ్వు ఎక్కువ రోజులు నిలుస్తుంది. గోదావరి లంక భూములు చూసినవాళ్ళకి ఆ మట్టి చేతిలోకి తీసుకోగానే అర్థమైపోతుంది, నేను వేరే చెప్పక్కర్లేదు.

దుంపలు శరదృతువులో, సెప్టెంబరు నుంచి నవంబరు లోపల పెడతారు, ఇంట్లో పెట్టుకుంటే ఆరంగుళాల లోతు. తర్వాత మూడు నాలుగు నెలలు చలి తినాలి, ఆ చలి తగలకపోతే లోపల మొగ్గ ఉన్నా కాడ సాగదు, నేల మీదే కుదించుకుపోయి పూస్తుంది లేదా పూయదు. మన కడియంలో ఇవి ఎందుకు లేవు అని అత్తయ్య గారు తప్పకుండా అడుగుతారు, ఇదే జవాబు. దుంపల్ని ఫ్రిజ్‌లో వారాల తరబడి పెట్టి కుండీలో ఒకసారి పూయించొచ్చు గానీ మరుసటేడు మళ్ళీ పూయడం అక్కడి ఎండకి కుదరదు.

కోత దగ్గరకొస్తే, అమ్మే పువ్వుల్ని విచ్చుకున్నాక కోయరు. మొగ్గ ఇంకా ఆకుపచ్చగా ఉండి అంచున రంగు కాస్త తెలుస్తున్నప్పుడే కోసేస్తారు, కట్టలు కట్టి కూలర్‌లోకి పంపేస్తారు. పొద్దున్నే వెళ్తే మీకు కనబడతారు, నడుం వంచి ఒక చేత్తో కాడ మొదట్లో పట్టుకుని రెండో చేత్తో చిన్న కత్తి వేసి, కోసినవి చంకలో పెట్టుకుంటూ వరస వెంట పోతూనే ఉంటారు, ఎక్కడా ఆగరు. మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలు చాలామంది అందులో ఏళ్ళ తరబడి పనిచేస్తున్నారు. ఫోటోల్లో ఎక్కడా వాళ్ళు కనబడరు, అది నాకు నచ్చదు. మామయ్య గారు అయితే ముందు వాళ్ళ చేతులే చూస్తారని నా నమ్మకం.

ఇక పొలంలో విచ్చుకున్న పువ్వు సంగతి. ఏప్రిల్ చివర్లో ఎర్రగా పసుపుపచ్చగా ఎకరాల కొద్దీ ఉన్న పొలం ఒక్కరోజులో ఆకుపచ్చగా మారిపోతుంది, ఎందుకంటే తలలన్నీ నరికేస్తారు. టాపింగ్ అంటారు. చూసేవాళ్ళకి ప్రాణం ఉసూరుమంటుంది గానీ కారణం ఉంది, పువ్వు అలాగే వదిలేస్తే మొక్క బలమంతా గింజ కట్టడానికి పోతుంది, తల తీసేసి ఆకు ఉంచితే ఆ ఆకు చేసుకునే ఆహారం అంతా దుంపలోకి దిగుతుంది. ఆకు పండిపోయాక జూన్, జులైలో దుంపలు తవ్వి, ఆరబెట్టి, సైజు ప్రకారం ఏరి, పెద్దవి అమ్మకానికి, చిన్నవి మళ్ళీ విత్తడానికి. తర్వాతి ఏడు ఆ పొలంలో ట్యులిప్ వేయరు, తెగుళ్ళు మట్టిలో నిలిచిపోతాయని పంట మారుస్తారు. మీ వాళ్ళు ఆగస్టు దాకా ఉంటారన్నారు కదా, జులైలో ఒకసారి మళ్ళీ ఇటు డ్రైవ్‌కి రండి, రోడ్డు మీంచే తవ్వకం కనబడుతుంది. పూల ఫెస్టివల్‌కి లక్షల మంది వస్తారు, దుంపలు తవ్వేటప్పుడు ఒక్కరూ రారు, అసలు పంట అదే.

దయచేసి ఒక్కటి, అందరికీ చెప్తున్నా. వరసల మధ్యలోకి దిగకండి, పిల్లల్ని పూలలో కూర్చోబెట్టి ఫోటోలు తీయకండి. తడి నేల మీద తొక్కితే గట్టిపడిపోతుంది, ఒక పొలం బురద బూట్లతో ఇంకో పొలానికి తెగులు మోసుకెళ్తాం. చీరలు కట్టుకుని వచ్చినప్పుడు మనవాళ్ళే ఎక్కువ లోపలికి వెళ్తున్నారు, చూస్తే కష్టంగా ఉంటుంది.

---

రెడ్‌మండ్_మందారం

క్లాసుల గురించి నేను చెప్తానమ్మా. నేను కింగ్ కౌంటీలో, అంటే సియాటెల్ ఉన్న జిల్లాలో, మాస్టర్ గార్డెనర్ వాలంటీర్‌ని. ఇప్పుడు అమెరికా అంతా ఉన్న ఈ మాస్టర్ గార్డెనర్ పద్ధతి పుట్టిందే ఇక్కడ. 1970ల మొదట్లో సియాటెల్, టకోమా వైపు ఇళ్ళల్లో మొక్కలు పెంచే వాళ్ళు పెరిగిపోయి, జనానికి సాగు సలహాలిచ్చే వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకి ఒకటే ఫోన్లు, నా టమాటా ఆకు ఎందుకు ముడుచుకుంది, గులాబీకి మచ్చలేంటి అని. అక్కడ పనిచేసే ఇద్దరు ముగ్గురు ఎన్నింటికని చెప్తారు? అప్పుడు వాళ్ళు, మేం మీకు ఫ్రీగా పాఠాలు చెప్తాం, మీరు బదులుగా వచ్చి ఊళ్ళో వాళ్ళ సందేహాలు తీర్చండి అని మామూలు జనాన్నే పిలిచారు. 1973లో కింగ్, పియర్స్ కౌంటీల్లో మొదటి బ్యాచ్. ఇప్పుడు ట్రైనింగ్‌కి ఫీజు ఉంది, ఎక్కువ భాగం ఆన్‌లైన్, తర్వాత వాలంటీర్ గంటలు చేయాలి, మీ అత్తగారు మామగారికి అది అవసరం లేదు. వాళ్ళకి కావాల్సింది మేం పబ్లిక్‌కి పెట్టేవి.

అందులో ఒకటి ప్లాంట్ క్లినిక్. వసంతం నుంచి ఫార్మర్స్ మార్కెట్లలో, కొన్ని లైబ్రరీల దగ్గర బల్ల వేసుకుని కూర్చుంటాం, జబ్బు చేసిన కొమ్మ జిప్‌లాక్ కవర్లో పెట్టుకుని తెస్తే చూసి చెప్తాం, పైసా తీసుకోం. రెండోది డెమాన్‌స్ట్రేషన్ గార్డెన్లు, అంటే పెంచి చూపించి నేర్పే తోటలు. మీకు దగ్గర్లో బెల్‌వ్యూ డెమాన్‌స్ట్రేషన్ గార్డెన్ ఉంది, లేక్ హిల్స్ వైపు, అక్కడ వర్క్‌షాపులు పెడుతుంటారు, షెడ్యూల్ ఆన్‌లైన్‌లో చూసుకోండి. ట్యులిప్స్‌కి వెళ్ళినరోజే మౌంట్ వెర్నన్ పక్కన మెమోరియల్ హైవే మీద డిస్కవరీ గార్డెన్ కూడా చూపించండి, స్కాజిట్ మాస్టర్ గార్డెనర్లు పెంచేది, యూనివర్సిటీ రిసెర్చ్ స్టేషన్ స్థలంలో ఉంది, టికెట్ లేదు. చిన్న చిన్న తోటలుగా విడగొట్టి కూరగాయలకి ఒకటి, నీడ మొక్కలకి ఒకటి, గులాబీలకి ఒకటి, ఇలా ఉంటాయి, మొక్కలకి పేరు పలకలు ఉంటాయి. ట్యులిప్ తోటలో మీ వాళ్ళు అరగంటలో తిరిగేస్తారు, ఇక్కడ రెండు గంటలు దాటినా కదలరు, చూడండి.

డబ్బులు కట్టి నేర్చుకోవాలనుకుంటే సియాటెల్‌లో టిల్త్ అలయన్స్ ఉంది, 1978 నుంచి ఉన్న సంస్థ, సేంద్రియం మీద మంచి క్లాసులు పెడతారు, మే మొదట్లో కూరగాయ నారు అమ్మకం కూడా పెడుతుంటారు, మామయ్య గారిని తప్పకుండా తీసుకెళ్ళండి, నారు చూసి ఎంచుకోవడంలో ఆయనే మనకి క్లాసు చెప్తారు.

ఇంగ్లీషు గురించి అసలు మొహమాటపడకండి. క్లాసు అంటే నాలుగ్గోడల మధ్య కూర్చుని రాసుకునేది కాదు, మట్టిలో చేతులు పెట్టేదే. మొన్న వసంతంలో ప్రూనింగ్, అదే కొమ్మలు కత్తిరించడం, చూపిస్తుంటే తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, కూతురితో వచ్చారు, ఒక్క ముక్క ఇంగ్లీషు మాట్లాడలేదు, నా చేతిలో కత్తెర తీసుకుని కణుపు పైన, మొగ్గ బయటి వైపు చూసేలా ఏటవాలుగా కోసి, వానొస్తే నీళ్ళు మొగ్గ మీద కాకుండా వెనక్కి జారాలి అని చేత్తో చూపించారు. అక్కడున్న తెల్లవాళ్ళందరికీ అర్థమైంది, ఇంకోసారి చూపించమని అడిగారు. మన పెద్దవాళ్ళని ఇంట్లో టీవీ ముందు కూర్చోబెట్టి మనం వీకెండ్‌కి ఔట్‌లెట్ మాల్‌కి తిప్పుతాం, వాళ్ళకి తెలిసిన విద్య ఇక్కడ పనికొస్తుందని ఎవరం చెప్పం. మీరు ఆ పని చేస్తున్నారు, నాకు చాలా సంతోషంగా ఉంది తల్లీ.

ఒక్కటి మాత్రం వాళ్ళకి ముందే చెప్పండి. ఇక్కడి నేల, ముఖ్యంగా కొత్త కాలనీల్లో, పైన నాలుగంగుళాల మట్టి, కింద ఒకప్పటి హిమానీనదాలు నొక్కేసి పోయిన గట్టి పొర, పార దిగదు. వానలకి పులుపెక్కి ఉంటుంది కూడా. మట్టి పరీక్ష చేయించి అవసరమైతేనే సున్నం వేయాలి, లేకపోతే నేల మీద చెక్కలతో మడి కట్టుకుని కంపోస్టు కలిపిన మట్టి పోసుకోవడం సులువు.

---

బోతెల్_కోడలు

రెడ్‌మండ్ అక్కా, మీ రిప్లై మా ఆయనకి చదివి వినిపించాను, ఆయన వెంటనే వాళ్ళకి వీడియో కాల్ చేసి చెప్పేశారు. అత్తయ్య గారు తన కత్తెర ఊరి నుంచే పట్టుకొస్తా అంటున్నారు, చెక్-ఇన్ బ్యాగులో పెట్టమన్నాను. విత్తనాల సంగతి ఎవరైనా చెప్పరూ?

---

నెల్లూరు_టు_కెంట్

విత్తనాల సంగతి జాగ్రత్తమ్మా. మొక్కలు, అంట్లు, కొమ్మలు, మట్టి అంటిన వేర్లు, ఏవీ సూట్‌కేసులో పెట్టొద్దు. కరివేపాకు అయితే పచ్చి ఆకు కూడా తీసుకురానివ్వరు, నిమ్మ జాతికి జబ్బు తెచ్చే పురుగు దాని మీద బతుకుతుంది, అందుకని గట్టిగా చూస్తారు. విత్తనాలకి ఇండియాలో ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే చీడపీడలు లేవనే సర్టిఫికెట్ తీసుకోవాలి, లేదంటే ఇక్కడి వ్యవసాయ శాఖ యూఎస్‌డీఏ వాళ్ళ దగ్గర స్మాల్ లాట్స్ ఆఫ్ సీడ్ అని ఒక పర్మిట్ ఉంది, దానికి ఫీజు లేదు, కొన్ని రకాల విత్తనాలు చిన్న ప్యాకెట్లలో పేర్లు రాసి తెచ్చుకోవచ్చు, అదీ పర్మిట్‌లో రాసిన చోటికే పంపాలి. ఏది తెచ్చినా కస్టమ్స్ వాళ్ళకి చెప్పేయండి, చెప్పి ఇచ్చేస్తే ఏం కాదు, దాస్తే ఫైన్. ఇంత తంటా ఎందుకులే అనుకుంటే తోటకూర, బీర, సొర, గోంగూర విత్తనాలు ఇక్కడ మన షాపుల్లోనే దొరుకుతుండాయి.

ఏది ఎప్పుడు వేయాలో కూడా చెప్తాను, మన వాళ్ళు ఎండ కనబడగానే ఏప్రిల్లో అన్నీ వేసేస్తారు. ఏప్రిల్లో నేరుగా వేసుకోదగ్గవి పాలకూర, మెంతికూర, కొత్తిమీర, చుక్కకూర, వీటికి చల్లదనం ఇష్టం. చుక్కకూర ఇక్కడ వచ్చినంత బాగా నెల్లూర్లో రాదు, నిజం. టమాటా, వంగ, మిరప ఇంట్లో కిటికీ దగ్గర నారు పెంచి, రాత్రి పూట 50 ఫారెన్‌హీట్ కంటే తగ్గడం ఆగాక, అంటే మే సగం దాటాక బయట పెట్టాలి. బీర, సొర, దోస ఇంకా ఆగి మే చివర్లో. గోంగూరకి వేడి చాలదు, నల్ల కుండీలో, దక్షిణం గోడకి ఆనించి, గోడ వేడి తగిలేలా పెడితేనే జులైకి కోతకొస్తుంది. బచ్చలి కూడా అంతే. కనకాంబరం, మల్లె కుండీల్లోనే, సెప్టెంబరుకి లోపలికి.

నత్తలు, అదే స్లగ్స్, మన ఊళ్ళో అంత చూసుండరు, బంతి నారుని ఒక్క రాత్రిలో కాడ కూడా మిగల్చకుండా తినేస్తాయి. ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు చల్లుకోండి, మెటాల్డిహైడ్ ఉన్నవి కొనొద్దు, కుక్కలు తింటే ప్రాణం మీదకొస్తుంది.

---

కిర్క్‌లాండ్_కాఫీ

మార్చి ఆఖరంటున్నారు కాబట్టి దిగిన వారంలోనే యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ క్యాంపస్‌లో క్వాడ్ అనే మైదానంలో చెర్రీ పూలు చూపించేయండి, లేటయితే రాలిపోతాయి. ముప్పై దాకా యోషినో రకం చెర్రీ చెట్లు, 1939లో ఆర్బొరీటం అనే చెట్ల పార్కులో నాటినవి, 520 బ్రిడ్జి రోడ్డు కడుతూ 1962లో ఇక్కడికి మార్చారు. అంత పెద్ద చెట్లని పెళ్ళగించి ఎలా బతికించారో మామయ్య గారికి ఇంటరెస్టింగ్‌గా ఉంటుంది. లైట్ రైల్ స్టేషన్ నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు, పార్కింగ్ గొడవ లేదు. వచ్చే ఏడు మళ్ళీ వస్తే ఫిబ్రవరిలో రప్పించండి, డౌన్‌టౌన్ కన్వెన్షన్ సెంటర్లో నార్త్‌వెస్ట్ ఫ్లవర్ అండ్ గార్డెన్ ఫెస్టివల్ జరుగుతుంది, లోపల తోటలు కట్టి చూపించడంతో పాటు సెమినార్లు బోలెడు, టికెట్‌లోనే కలిపి ఉంటాయి.

వీక్‌డే అన్నారు గానీ నా మాట వేరే. మా అమ్మకి జనం లేని చోట బోర్ కొట్టింది, శనివారం తీసుకెళ్తే లా కానర్ వీధిలో బజ్జీల్లాంటివేవో కొనుక్కుని, ఎవరెవరో పలకరిస్తుంటే సంబరపడిపోయింది. ఎనిమిదింటికల్లా అక్కడుంటే వీకెండ్ కూడా కుదురుతుంది, పెద్దవాళ్ళని అడిగి వాళ్ళకేం కావాలో చూసుకోండి.

---

బోతెల్_కోడలు

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. ప్లాన్ ఇలా అనుకుంటున్నాం, దిగిన వారంలో క్వాడ్, ఏప్రిల్ రెండో వారం బుధవారం బ్లూమ్ మ్యాప్ చూసుకుని కాన్‌వే ఎగ్జిట్ మీదుగా ట్యులిప్స్, అదే రోజు మధ్యాహ్నం డిస్కవరీ గార్డెన్, మే మొదట్లో నారు సేల్, జులైలో దుంపల తవ్వకం. విత్తనాలు ఇక్కడే కొంటాం, పర్మిట్ జోలికి పోవట్లేదు. రెడ్‌మండ్ అక్కా, బెల్‌వ్యూ గార్డెన్‌లో మీరుండే శనివారం ఏదో మెసేజ్ పెట్టండి, ఇద్దర్నీ తీసుకొస్తాను.

---

రెడ్‌మండ్_మందారం

పెట్టానమ్మా, ఇన్‌బాక్స్ చూడు. పాత బట్టలు వేసుకుని రమ్మను, ఆ రోజు కంపోస్టు తిరగేసే పని ఉంది.